కుట్టక్క పేరు, కుట్టక్క గది

“నాన్నా, అమ్మ రావట్లేదు.”

కూతురు ఆ మాట అన్నప్పుడు మెకానిక్ ఒక కుట్టుమిషన్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, దాని కడుపులో చిక్కుకున్న దారపు ముద్దను పట్టకారుతో లాగుతున్నాడు. వీధిలో ఆయన్ని సూది అంటారు. మనిషి సన్నం. మాట అంతకన్నా సన్నం, దిగేదాకా తెలియదు. ఎదురుగా ఉన్నప్పుడు సూదిగారూ అంటారు. పక్కకు తిరగ్గానే గారు ఎగిరిపోతుంది.

“రాకపోవడం ఏంటే?”

“పేరు కొడితే అమ్మ పేజీ రావట్లేదు. ఇంకేదో వస్తోంది. నువ్వే చూడు.”

పట్టకారు పక్కన పెట్టి, చేతి నూనె గుడ్డపీలికకు తుడుచుకుని ఫోను అందుకున్నాడు. పైన పెద్ద అక్షరాలతో భార్య పేరే ఉంది, కుట్టక్క డాట్ కామ్ అని. దాని కింద మాత్రం ఎవరెవరో అరుస్తున్నారు. అర్జెంటుగా అప్పు కావాలా? ఇంట్లో కూర్చుని పేకాట ఆడతారా? ఒంటరిగా ఉన్నారా, మాట్లాడే తోడు కావాలా?

ఆయనకు ఒళ్లు మండింది. బతికున్నప్పుడు పేకముక్క ముట్టని మనిషి పేరు మీద పేకాట. ఈ లోకానికి చచ్చినవాళ్ల పేరైనా ఒకటే, చిత్తుకాగితమైనా ఒకటే. దేని మీదైనా వ్యాపారం చేసుకుంటుంది.

కుట్టక్క అనే పేరు వీధివాళ్లు పెట్టిందే. ముందుగదిలో ఆడపిల్లలను కూర్చోబెట్టి కుట్టు నేర్పేది. సూదికి తగిన కుట్టు దొరికిందని పెళ్లయిన కొత్తలో వీధంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, ఆ పేరునే ఉంచుకుంది. గదిలో పట్టనంతమంది వస్తామనడంతో ఆమె తమ్ముడు ఒక సలహా ఇచ్చాడు. అతను ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి. “అక్కా, పాఠాలు నెట్‌లో పెడదాం. ఎక్కడివాళ్లయినా వింటారు” అన్నాడు. మొదట లోకమంతా వీడియోలు పెట్టుకునే చోటే పెట్టారు. మూడోనాడే ఎవడో ఆమె చేతుల గురించి కూయకూడని కూత కూశాడు. ఆమె ఆ సాయంత్రమే అన్నీ తీయించేసింది. “పరాయి అరుగు మీద నాకొద్దురా. మన ఇల్లు మనం కట్టుకుందాం” అంది. అలా ఆ సైటు పుట్టింది. కత్తెర పట్టిన చేతుల ఫోటోలు, పక్కన ఆమె గొంతు. అంతే. కాలర్ ఎలా కత్తిరించాలి, చెయ్యి చంకలో ముడత పడకుండా ఎలా అతకాలి, జేబు మూల ఎలా తిప్పాలి.

గొంతంటే గొంతు కాదు, మనిషే. పాఠం మధ్యలో దగ్గేది. “ఇక్కడ తొందరపడ్డారో, చొక్కా మీ ఆయన కాదు, మీ కుక్క కూడా తొడుక్కోదు” అనేది. జబ్బు చేసి మంచం పట్టాక కూడా దిండుకు ఆనుకుని రెండు పాఠాలు చెప్పింది. వాటిలో ఊపిరి ఎక్కువ, మాట తక్కువ. ఆమె పోయాక కూతురు అన్నం తింటూ ఆ పాఠాలు పెట్టుకునేది. పిల్లకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నేర్చుకోవాలనీ లేదు. ఎదురు గోడకు ఆనించిన ఫోనులోంచి తల్లి “ఇప్పుడు బట్ట మడవండి” అంటుంటే ముద్ద మింగేది.

మెకానిక్ ఆ పాఠాలు పెట్టుకుని ఎప్పుడూ వినలేదు. కూతురు వింటుంటే కొట్లోంచి వినేవాడు. మిషన్ తొక్కడం ఆపి వినేవాడు.

ఇప్పుడు ఆ గొంతు ఉన్నచోట పేకాటవాడు ఉన్నాడు.

“మామయ్యకి ఫోన్ చేయనా?” అంది కూతురు.

“చేస్తే కాళ్లు విరగ్గొడతా.”

బావమరిదికీ ఆయనకీ మాటల్లేవు. దానికి కారణం ఈ సైటే. కుట్టక్క పోయిన కొన్నాళ్లకు అతను కొట్టుకు వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, “బావా, సైటు సంగతి నీకు కొంచెం చెప్పాలి. ఇన్నాళ్లూ అక్క చూసుకుంది” అన్నాడు.

“చెప్పు. చెవులు ఖాళీగానే ఉన్నాయి.”

“ఇది రెండు ముక్కల వ్యవహారం. పేరు వేరు, గది వేరు. పేరు అమ్మేవాడు ఒకడు. దాన్ని డొమైన్ అంటారు. సామాను పెట్టుకోవడానికి గది అద్దెకిచ్చేవాడు ఇంకొకడు. దాన్ని హోస్టింగ్ అంటారు. అక్క గొంతూ ఫోటోలూ అన్నీ గదిలో ఉంటాయి. పేరు బోర్డులాంటిది.”

“బోర్డు కొట్టు మీదే కదరా ఉండేది.”

“ఇక్కడ అలా ఉండదు బావా. బోర్డు వీధి మొదట్లో, గది ఇంకెక్కడో. పేరు కొట్టినవాణ్ని బోర్డు ఆ గదికి దారి చూపించి పంపిస్తుంది. దాని పని అంతే. రెండూ విడివిడిగా కొనాలి, రెంటికీ విడివిడిగా గడువు ఉంటుంది.”

మెకానిక్ మిషన్ షటిల్ విప్పుతూ తల ఎత్తలేదు. “గడువుకి నాకు మెసేజ్ వస్తోంది. కడుతున్నాను.”

“అది గది అద్దె, గది నీ పేరు మీదే తీసుకున్నాం. పేరు సంగతి వేరే. అది అక్క కార్డు మీద దానంతటదే కట్ అయ్యేది. అక్క బ్యాంకు ఖాతా నువ్వు మూయించావు కదా, అందుకని…”

“ఒక్క కొంపకు రెండద్దెలు కట్టే వెధవని నన్నే చూశావా?”

“అద్దె కాదు బావా, ముందు నేను చెప్పేది విను…”

“ఎందుకు వినాలిరా? చదువుకోలేదనేగా నీ ధీమా. మీ అక్క ఉన్నన్నాళ్లూ ఆవిడ పాఠం చెప్పింది. ఆవిడ పోగానే నువ్వు బెత్తం పట్టుకుని తయారయ్యావా? నాకు పాఠం చెప్పే మనిషి పోయింది. ఇంకెవడి దగ్గరా నేను కూర్చోను. వెళ్లు.”

అతను లేచి గుమ్మంలో నిలబడ్డాడు. “అక్క పేరు పోతుంది బావా” అన్నాడు.

“పోయేది నువ్వు. పో.”

నిజానికి మెకానిక్‌కి అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడం చేతకాక తిట్టాడు. బళ్లో పంతులు లెక్క అడిగినప్పుడు కూడా అంతే చేశాడు. అప్పుడు బడి పోయింది. ఇప్పుడు బావమరిది పోయాడు. మనుషులు పోగొట్టుకునేవన్నీ ఇలాగే పోతాయి. ఒక్క “అర్థం కాలేదు” అనే మాటకి నోరు పెగలక.

కాబట్టి ఆయన బావమరిదికి ఫోన్ చేయలేదు. పక్క కొట్లో ప్రింట్లు తీసే కుర్రాడి దగ్గరికి వెళ్లాడు. కుర్రాడంటే గడ్డం నెరుస్తోంది గానీ వీధికి ఇంకా కుర్రాడే. మీసం కింద ఎప్పుడూ ఒక పెన్ను కొరుకుతుంటాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటాడు కాబట్టి కంప్యూటర్ సంగతులన్నీ తెలుసని వీధి నమ్మకం. అతనికీ అదే నమ్మకం.

పేరు కొట్టి చూసి పెదవి విరిచాడు. “సూదిగారూ, కబ్జా.”

“కబ్జాయా?”

“ఇంకేంటి మరి? మీ పేరు వాడెవడో పట్టుకుపోయాడు. చూడండి, పేరు మీదే, సరుకు వాడిది. ఈమధ్య ఇవే ఎక్కువైపోయాయి.”

“మరి మా ఆవిడ పాఠాలు?”

“ఇంకెక్కడి పాఠాలండీ. వాడు వచ్చి కూర్చున్నాక మీవి ఉంచుతాడా?”

కబ్జా అనే మాట మెకానిక్‌కి కొత్త కాదు. అంతకు చాలా కాలం ముందు ఆయన కొట్టు బజారులో ఉండేది. భవనం చేతులు మారింది. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి లోపల ఎవరివో ప్లాస్టిక్ బకెట్లు, చీపుళ్లు. బయట, మురిక్కాలువ గట్టు మీద వర్షంలో ఆయన మిషన్లు. పైన బోర్డు ఇంకా ఆయనదే. ఆ నెల అద్దె కూడా ఆయనే కట్టాడు. ఆ రోజు ఆయన ఒక విషయం నేర్చుకున్నాడు, ఎముకల్లోకి దిగేలా నేర్చుకున్నాడు. నీ బోర్డు కింద పరాయి సరుకు కనిపించిందంటే, నీ సరుకు అప్పటికే మురిక్కాలువలో ఉంది.

ఇదీ అదే. పాఠాలు అప్పటికే పోయాయి. గదిలో పేకాటవాడు కూర్చున్నాడు. వాడు కూర్చున్న గదికి అద్దె ఎవరు కడుతున్నారు? తను. భార్య పేరు మీద వాడు పేకాట ఆడించుకోవడానికి తను కడుతున్నాడు. ఆ ఆలోచన రాగానే ఆయన ప్రింట్ల కొట్టు మెట్లు దిగాడు. కొట్లోకి వచ్చి, అద్దె మెసేజ్ వెతికి, దాని కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు.

సంగీతం చాలాసేపు వినిపించాక ఒక అమ్మాయి పలికింది. “నమస్తే సార్, మీకు ఏ విధంగా సహాయపడగలను?”

“నా గది ఖాళీ చేయించాలి.”

“సార్?”

“హోస్టింగ్ అమ్మా. నేను అద్దె కడుతున్నది. కుట్టక్క పేరుతో ఉంటుంది.”

అమ్మాయి ఏవో అడిగింది. పుట్టినతేదీ, ఫోన్ నంబరు. మీట నొక్కిన చప్పుళ్లు వినిపించాయి. “ఖాతా మీ పేరు మీదే ఉంది సార్, గడువు కూడా ఇంకా ఉంది. మూసేయడానికి కారణం తెలుసుకోవచ్చా?”

“కారణమా? లోపల దొంగ వెధవ కూర్చున్నాడు. వాడి చెత్తంతా పెట్టుకున్నాడు. నేను కట్టడమేంటి, వాడు ఉండడమేంటి?”

“మీ ఖాతాలోకి ఎవరైనా చొరబడ్డారని అనుమానమా సార్? కావాలంటే మా టెక్నికల్ వాళ్లతో చూపిస్తాను. ఒకటి రెండు రోజులు…”

“చూసేదేం లేదు. నా కళ్లతో చూశాను. మొత్తం తుడిచేయండి.”

“సరే సార్. మీ ఖాతాలో చాలా ఫైళ్లు ఉన్నాయి. ఆడియోలు, ఫోటోలు. మీరు వాటి కాపీ దించుకున్నారా?”

“ఆ దరిద్రం నాకెందుకమ్మా? వాడి ఫోటోలు నేను గోడకు తగిలించుకోవాలా?”

పాపం, ఆమె అడగాల్సింది అడిగింది. అడగమని రాసిచ్చినదంతా అడిగింది. రాసివ్వని మాట ఒక్కటి అడిగి ఉంటే, “సార్, ఆడవాళ్ల గొంతు ఉంది, అది ఎవరిది?” అని ఉంటే, సంగతి వేరే ఉండేది. అయితే ఆమెకు ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, గొంతు వినిపించదు. వినే తీరికా ఇవ్వరు.

“మామూలుగా ఖాతా మూసినా కొన్నాళ్లు మా దగ్గర ఒక కాపీ ఉంచుతాం సార్. మనసు మారితే తిరిగి ఇవ్వడానికి. అలా ఉంచమంటారా?”

“వద్దు. ఒక్క ముక్క మిగలకూడదు.”

“ఇప్పుడే శాశ్వతంగా తొలగించమంటారా సార్? ఆ తర్వాత తిరిగి తేవడం కుదరదు.”

“అదేనమ్మా నేను మొత్తుకునేది.”

ఫోనుకు ఒక నంబరు వచ్చింది. అమ్మాయి చదవమంది. మెకానిక్ ఒక్కో అంకె గట్టిగా, ఆగి ఆగి చదివాడు, ఎక్కడ తప్పు పోతుందోనని. “అయిపోయింది సార్, ఇంకేమైనా సహాయం కావాలా?” అంది అమ్మాయి. ఏమీ వద్దన్నాడు. చాలా కాలం తర్వాత మనసు తేలికైంది. బజారు కొట్టు పోయినప్పుడు నోరు మూసుకుని తడిసిన మిషన్లు మోసుకొచ్చాడు. ఈసారి వాడి సరుకే బయట పడేయించాడు. కూతురిని పిలిచి, “కొట్టవే పేరు. చూద్దాం ఇప్పుడెలా ఆడతాడో పేకాట” అన్నాడు.

కూతురు కొట్టింది. ఆమె ముఖం మారలేదు. ఫోను ఆయన వైపు తిప్పింది.

అప్పు కావాలా? పేకాట ఆడతారా? ఒంటరిగా ఉన్నారా?

“పాతది కనిపిస్తోందేమో. మళ్లీ కొట్టు.”

మళ్లీ కొట్టింది. తన ఫోనులో తను కొట్టాడు. పక్క కొట్టుకు వెళ్లి ప్రింట్ల కుర్రాడి చేత కొట్టించాడు. ఎక్కడ కొట్టినా పేకాటవాడు చెక్కుచెదరకుండా ఉన్నాడు.

మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి వేరే అమ్మాయి. “తుడిచేశామన్నారు, ఇంకా అక్కడే ఉందేంటమ్మా? మీరు తుడిచారా, నన్ను ఏడిపిస్తున్నారా?”

ఆమె చూసి చెప్పింది. “మా వైపు ఏమీ లేదు సార్, పూర్తిగా తొలగించారు. మీకు కనిపిస్తున్న ఆ పేజీ మా దగ్గరిది కాదు. మీ డొమైన్ గడువు తీరినట్టుంది. అది మా దగ్గర కొన్నది కాదు, వాళ్లను అడగాలి సార్.”

“మీ దగ్గరిది కాదా?”

“కాదు సార్.”

“మరి మీ దగ్గరున్నది ఏంటి?”

“మీ ఫైళ్లే సార్.”

ఫోను పెట్టేశాక మెకానిక్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. వెల్లకిలా పడుకున్న మిషన్ అలాగే ఉంది. పేరు వేరు, గది వేరు. బావమరిది మాట ఎక్కడో మూల నుంచి లేచి వస్తుంటే, రాకుండా రెండు చేతులతో నెడుతున్నట్టు కూర్చున్నాడు. అలా ఉండదులే. అంత అన్యాయం ఉండదులే. అర్థం అవుతున్నదాన్ని అర్థం కానట్టు ఉంచుకోవడానికి మనిషి ఎంత కష్టపడతాడో, ఆ మధ్యాహ్నం ఆయన్ని చూస్తే తెలిసేది.

“మామయ్యకి ఫోన్ చెయ్యి,” అన్నాడు చివరికి.

బావమరిది ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. మెడలో గుర్తింపుకార్డు కూడా తీయలేదు. గుమ్మంలో నిలబడి, “రావచ్చా బావా, బెత్తం తేలేదు” అన్నాడు.

“వెటకారం తర్వాత. ముందు చూడు.”

ముందుగదిలో కుట్టక్క బట్ట కత్తిరించే బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టాడు. కూతురు అతని భుజం పక్కన నిలబడింది. మెకానిక్ గోడకు ఆనుకున్నాడు. అతను ఏవేవో తెరిచాడు, మూశాడు. కాసేపటికి గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు.

“కబ్జా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఎవరు చెప్పారు నీకు?”

“ప్రింట్ల కుర్రాడు.”

“వాడికి ప్రింటర్‌లో కాగితం ఎటు పెట్టాలో తెలియదు. పేరు గడువు తీరింది బావా, అంతే. నేనప్పుడు చెప్పబోయింది ఇదే. పేరు ఊరికే ఉండడం ఎందుకని అమ్మినవాడు తన ప్రకటనలు తగిలించుకున్నాడు. అందరూ చేసేదే. పేరు ఇంకా అక్కదే.”

“మరి మనకు చెప్పాలి కదా?”

“చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. అక్క మెయిల్‌కి. అక్క మెయిలేమో ఈ పేరు మీదే పెట్టాం, ముచ్చటపడింది కదాని. అక్క పోయాక దాన్ని తెరిచినవాళ్లు లేరు. పేరు ఆగగానే ఆ మెయిలూ ఆగింది. నాదే తప్పు, నా మెయిల్ కూడా ఇవ్వాల్సింది. నా ఫోన్ నంబరైనా ఇచ్చాను, బతికిపోయాం.”

“అంటే పేరు వస్తుందా మామయ్యా?” అంది కూతురు.

“వస్తుందేంటే, వచ్చేసింది. జరిమానా కూడా కట్టేశాను. కాసేపట్లో మళ్లీ గదికి కలుపుతాను. అన్నం టైముకి మీ అమ్మ పలుకుతుంది.”

పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మ పోయాక ఆ నవ్వు ఆ ఇంట్లో వినిపించలేదు. మెకానిక్ గోడకు ఇంకా గట్టిగా ఆనుకున్నాడు. అప్పుడే చెప్పాలి. చెప్పలేకపోయాడు. ఇంకొక్క నిమిషం ఆ నవ్వు అలా ఉండనిద్దామనుకున్నాడో, ఇంకా ఏదో ఒక దారి ఉంటుందనుకున్నాడో.

బావమరిది మీటలు నొక్కుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. “ఇప్పుడు గది తలుపు తీయాలి. దారి ఒకసారి సరిచూసుకుంటే…” ఆగాడు. మళ్లీ నొక్కాడు. “పాస్‌వర్డ్ మార్చావా బావా?”

“లేదు.”

“ఇలాంటి ఖాతా లేదంటోంది. నేనే తప్పు కొట్టానేమో.” ఇంకోసారి కొట్టాడు. ఈసారి మెల్లగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. “అద్దె కడుతున్నానన్నావు కదా?”

“కట్టాను.”

“కడితే ఉండాలి కదా. గది ఏమైంది బావా?”

మెకానిక్ బల్ల వైపు చూడలేదు. “నేనే తుడిచేయమన్నాను” అన్నాడు.

“దేన్ని?”

“లోపల ఉన్నది. వాడిదనుకున్నాను. ఆ పేకాటవాడిది.”

బావమరిది కుర్చీలో వెనక్కి వాలాడు. తిడతాడేమో అనుకున్నాడు మెకానిక్. తిడితే బాగుండేది. అతను మెల్లగా, పిల్లవాడికి చెప్పినట్టు అన్నాడు. “వాడు గదిలోకి రానేలేదు బావా. బోర్డు దగ్గరే ఉన్నాడు. గదిలో అక్క ఒక్కతే ఉంది.”

ఆ తర్వాత జరిగినవన్నీ ఉత్త శ్రమ. బావమరిది ఆ కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకరి తర్వాత ఒకరుగా పెద్దవాళ్లను పిలిపించాడు. మొదట బతిమాలాడు, తర్వాత అరిచాడు, మళ్లీ బతిమాలాడు. చివరి పెద్దమనిషి గౌరవంగానే చెప్పాడు. కాపీ కూడా ఉంచొద్దని కస్టమరే అన్నారు సార్. రెండుసార్లు అడిగాం. ఆ ఫోను మాటలన్నీ రికార్డు చేసి భద్రంగా ఉంచాం, అనుమానం ఉంటే వినిపిస్తాం.

మెకానిక్ అరుపులు భద్రంగా ఉన్నాయి. కుట్టక్క మాటలు లేవు.

పాఠాలు రికార్డు చేసిన పాత ఫోను? అది ఇచ్చేసి, దాని బదులే కూతురికి ఈ ఫోను తెచ్చారు. బావమరిది కంప్యూటర్‌లో ఉన్న కాపీ? ఆ కంప్యూటర్ కాలిపోయింది. “అక్కడ ఉన్నాయి కదాని మళ్లీ దించుకోలేదు బావా” అన్నాడు అతను తల వంచుకుని. కుట్టక్క దగ్గర నేర్చుకున్నవాళ్లలో నంబర్లు తెలిసినవాళ్లకల్లా ఫోన్లు చేశారు. మీ దగ్గర ఏమైనా దాచుకున్నారా అమ్మా, ఒక్క పాఠమైనా? అందరిదీ ఒకటే జవాబు. లేదండీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినేవాళ్లం, దాచుకోవాలని అనుకోలేదు. ఒకామె మాత్రం ఫోనులోనే అక్కలాగా మాట్లాడి చూపించబోయింది. “ఇక్కడ తొందరపడ్డారో…” అని మొదలుపెట్టింది. కూతురు మధ్యలోనే ఫోను పెట్టేసింది.

ఈ హడావుడిలో పిల్ల తండ్రిని ఒక్క మాట అనలేదు. వంట చేసింది, వడ్డించింది. ఫోనును గోడకు ఆనించకుండా, ఎదురుగా ఏమీ లేని గోడను చూస్తూ తింది. మెకానిక్ కంచంలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు. “తిట్టవే” అన్నాడు ఒకసారి. ఆమె కంచం తీసుకుని లేచిపోయింది.

మరునాడు సెలవు. బావమరిది పొద్దున్నే వచ్చాడు. ఏదో ఒకటి చేయకుండా ఉండలేని మనిషి. కొత్త గది అద్దెకు తీసుకున్నాడు. తిరిగొచ్చిన పేరును దానికి కలిపాడు. బల్ల చుట్టూ ముగ్గురూ చేరాక పేరు కొట్టాడు. పేకాటవాడు పోయాడు. తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో చిన్న అక్షరాలు. ఈ సైటు సిద్ధంగా ఉంది, ఇందులో ఇంకా ఏమీ పెట్టలేదు.

“పేరు బాగానే ఉంది. గదీ బాగానే ఉంది. దారీ కలిసింది” అన్నాడు బావమరిది. పని సరిగ్గా చేసినవాడి గొంతు అది. కానీ మాట చివర కిందికి జారిపోయింది.

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టారు. ఎవరో మెకానిక్ కొట్టు తలుపు తట్టి, లేడనుకుని వెళ్లిపోయారు.

“ఇలా వదిలేయకూడదు. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూస్తారు. ఒక్క ముక్కైనా రాయాలి” అన్నాడు బావమరిది. “పాఠాలు ప్రస్తుతం అందుబాటులో లేవు అని రాద్దామా?”

“ప్రస్తుతం ఏంటి? ఎప్పటికైనా వస్తాయా?” అంది కూతురు. నిన్న రాత్రి నుంచి అది ఆమె మొదటి మాట.

“సరే. పాఠాలు ఇక లేవు, మన్నించండి అని రాస్తాను.”

“ఎందుకు లేవో అడుగుతారు.”

“సాంకేతిక కారణాల వల్ల అందాం.”

“జరు మామయ్యా.”

అతను జరిగాడు. పిల్ల కుర్చీ అంచున కూర్చుని రెండు వేళ్లతో కొట్టసాగింది. మెకానిక్ ఆమె వెనక నిలబడి ఒక్కో అక్షరం తెర మీదికి రావడం చూశాడు. చదువు తక్కువే అయినా ఆ మాటలు చదవడానికి ఆయనకు ఎవరి సాయమూ అవసరం పడలేదు.

మా అమ్మ పాఠాలు ఇక లేవు. మా నాన్న తుడిపించేశాడు.

బావమరిది ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. “ఇది వద్దే. లోకమంతా చూస్తుంది. బావా, నువ్వైనా చెప్పు.”

పిల్ల వెనక్కి తిరగలేదు. వేలు మీట మీద పెట్టి ఆగింది. మెకానిక్ ఆ వేలినే చూశాడు. వద్దమ్మా అంటే తీసేస్తుందేమో. తీసేస్తే ఆ తర్వాత ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తకుండానే బతుకంతా గడిచిపోతుంది.

“నొక్కు” అన్నాడు.

ఆమె నొక్కింది. బావమరిది ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మెకానిక్ జేబులోంచి తన ఫోను తీసి, నూనె మరకల వేలితో భార్య పేరు కొట్టాడు. ఇదివరకు కూతురి ఫోనులో ఆ సైటు తెరుచుకోవడానికి కొంచెంసేపు పట్టేది, ఫోటోలు బరువని. ఇప్పుడు ఏ బరువూ లేదు. వేలు తీసేలోపే వచ్చేసింది.